సూర్యునిది ఒక్క షిఫ్టే: గోదావరిఖనిలో ఆరున్నరేళ్ళ సోలార్ వాడకం

మా ఇంటి స్లాబు మీదికి సోలార్ ప్లేట్లు ఎక్కింది 2019 మార్చిలో. ఇప్పుడు 2025 అక్టోబర్. ఈ మధ్యలో కరోనా వచ్చి పోయింది, ఒకసారి కరెంటు చార్జీలు పెరిగాయి, ఒకసారి ఇన్వర్టర్ చచ్చి బతికింది, కోతులు ఎన్నిసార్లు దండెత్తాయో లెక్క పెట్టలేదు. మిగతావన్నీ లెక్క పెట్టాను. సెప్టెంబర్ 30 సాయంత్రానికి జనరేషన్ మీటర్ 26,800 యూనిట్లు దాటింది. పెట్టిన ఆరు నెలలకే 'సూపర్ అన్నా, బిల్లు సున్నా' అని చెప్పేవాళ్ళను చాలామందిని చూశాను. అందుకే ఇన్నేళ్ళు ఆగి రాస్తున్నాను.

ఊరు గోదావరిఖని. ఒక దిక్కు ఓపెన్‌కాస్ట్ గనులు, ఇంకో దిక్కు 2,600 మెగావాట్ల రామగుండం ఎన్టీపీసీ పొగగొట్టాలు. ఇక్కడ ఇంటి మీద సోలార్ పెట్టుకోవడమంటే కుమ్మరోళ్ళ ఇంట్లో ప్లాస్టిక్ బిందె పెట్టుకున్నట్టే. అందులోనూ మా బాపు 35 ఏళ్ళు బొగ్గుబాయిలో పని చేసి రిటైరైన మనిషి. నేను టీచర్ని. సోలార్ పెడదామని నేను అన్ననాడు ఆయన అడిగింది ఒకటే: "రాత్రి షిఫ్టుకు ఎవడొస్తడు బిడ్డా? సూర్యునిది ఫస్ట్ షిఫ్టేనాయె." ఇంటిల్లిపాదీ నవ్వాం. కానీ సోలార్ మీద నేను చదివిన వాటన్నిటికన్నా ఆ ప్రశ్నే గట్టిది. దాని సంగతి తర్వాత చెప్తాను.

నిజానికి నాకు ఈ ఆలోచన 2012లోనే వచ్చింది. అప్పుడు హైదరాబాద్‌లో ఒక షాపులో అడిగితే ఒక్క కిలోవాట్‌కి బ్యాటరీలతో కలిపి రెండు లక్షల పైమాటే అన్నారు. నమస్కారం పెట్టి వచ్చేశాను. అప్పట్లో దేశమంతా అదే కథ. 2010లో జాతీయ సోలార్ మిషన్ మొదలైనప్పుడు కేంద్ర విద్యుత్ నియంత్రణ మండలి పెద్ద ప్లాంట్ల కరెంటుకు లెక్కగట్టిన ధర యూనిట్‌కు 17 రూపాయల 91 పైసలు. తక్కువ ధరకు ఇస్తానన్నవాళ్ళకే దక్కేట్టు వేలం పెడితే 12 రూపాయల చుట్టుపక్కలకు దిగింది. అక్కణ్ణుంచి ప్రతి వేలం ముందటి దాన్ని వెక్కిరించినట్టే సాగింది. 2017 ఏప్రిల్‌లో కడప పార్కులో 3.15కి పడితే అబ్బో అనుకున్నాం. నెల తిరిగేసరికి రాజస్థాన్‌లోని భడ్లాలో 2.44 పలికింది. 2020 డిసెంబర్‌లో గుజరాత్‌లో 1.99. పదేళ్ళలో తొమ్మిదో వంతు! బంగారం, బియ్యం, స్కూలు ఫీజు, ఏది తీసుకున్నా మన కళ్ళముందు ఇట్లా పడిపోయింది ఇంకోటి ఉందా? సెల్‌ఫోన్ కాల్ రేటు ఒక్కటి గుర్తొస్తుంది.

ఎందుకు పడిందో మా సైన్సు టీచర్ ఒక్క ముక్కలో చెప్పాడు: "ఇందులో కాల్చేదేమీ లేదు సార్, అంతా తయారుచేసేదే." బొగ్గు కరెంటులో ప్రతి యూనిట్‌కు బొగ్గు తవ్వాలి, మోయాలి, కాల్చాలి. కూలీ, డీజిలు, రైలు కిరాయి ఏడాదికేడాది పెరిగేవే. సోలార్‌లో ఖర్చంతా ఫ్యాక్టరీలోనే అయిపోతుంది. ఫ్యాక్టరీ పెద్దదయ్యే కొద్దీ, సిలికాన్ పొర పలచనయ్యే కొద్దీ, అదే సైజు ప్లేటు ఎక్కువ వాట్లు ఇచ్చే కొద్దీ ధర దిగుతూ పోతుంది. చైనా ఆ పని భారీగా చేసింది. 2022 ఏప్రిల్‌లో మన ప్రభుత్వం దిగుమతి ప్లేట్ల మీద 40 శాతం సుంకం వేశాక వేలం ధరలు మళ్ళీ రెండున్నర దగ్గరికి ఎక్కాయి కానీ, పాత రోజుల ఛాయకు కూడా పోలేదు. ఇటు థర్మల్ చూడండి: 2025లో బీహార్‌లోని పీర్‌పైంతిలో కొత్తగా కట్టబోయే 2,400 మెగావాట్ల ప్లాంటుకు ఖాయమైన ధర యూనిట్‌కు 6 రూపాయల ఏడున్నర పైసలు. కట్టుబడి ఖర్చు ఎప్పుడో తీరిపోయిన పాత ప్లాంట్ల కరెంటు ఇంతకన్నా చాలా చవక, అది మరిచిపోకూడదు. కొత్తదానికీ కొత్తదానికీ పోటీ పెడితే మాత్రం పగటి పూట బొగ్గు ఓడిపోయింది. ఈ మాట బాపు ముందు గట్టిగా అనను.

ఇక మా ఇంటి లెక్క. 325 వాట్ల పాలీ (పాత రకం సిలికాన్) ప్లేట్లు పది, ప్లేట్ల కరెంటును ఇంటి కరెంటుగా మార్చే మూడు కిలోవాట్ల ఇన్వర్టర్, బ్యాటరీ లేదు, నెట్ మీటరింగ్ (లైన్లోకి పంపిన యూనిట్లు పోగా మిగతావాటికే బిల్లు). మొత్తం 1,86,000. అప్పటి సబ్సిడీ ప్రభుత్వం లెక్కగట్టిన ధరలో 30 శాతం, అంటే 54,000 పోగా నేను కట్టింది 1,32,000. కోతుల భయానికి, కింద బట్టలారేసుకునే జాగా కోసం స్టాండు ఎనిమిదడుగుల ఎత్తు పెట్టించాను, దానికి ఇంకో 14,000. వెరసి 1,46,000. మొదటి ఏడాది 4,305 యూనిట్లు వచ్చాయి. ఆరో ఏడాదికి 4,060. అంటే ఏడాదికి ఒక శాతం కన్నా కాస్త ఎక్కువే తగ్గుతోంది. కంపెనీ కాగితం మీద రాసిచ్చింది అంతకన్నా తక్కువ. తేడా ప్లేట్లదో, బొగ్గు దుమ్ముదో ఖచ్చితంగా విడదీయలేను.

మిగులు ఎంత అనేది యూనిట్ల కన్నా బిల్లు స్లాబుల మీద, అంటే వాడకం పెరిగే కొద్దీ పెరిగే రేట్ల మెట్ల మీద ఆధారపడి ఉంటుంది. చాలామంది పొరబడేది ఇక్కడే. మాది ఉమ్మడి కుటుంబం. ఒక ఏసీ, రెండు కూలర్లు, బోరు మోటారు, రెండు ఫ్రిజ్‌లు. ఏడాదికి 4,700 యూనిట్లు కాలుస్తాం. తెలంగాణలో నెలకు 200 యూనిట్లు దాటిన ఇంటికి 2022 నుంచి రేట్లు ఇట్లా ఉన్నాయి: మొదటి 200కు యూనిట్ 5.10, తర్వాతి వందకు 7.70, ఆ తర్వాతి వందకు 9 రూపాయలు, ఆ పైన 800 దాకా తొమ్మిదిన్నర. 200 లోపల ఆగినవాళ్ళకు మొదటి వంద 3.40, రెండో వంద 4.80. ఒక తమాషా చూడండి. సరిగ్గా 200 కాలిస్తే కరెంటు చార్జీ 820 రూపాయలు. 201 కాలిస్తే 1,027 రూపాయల 70 పైసలు. ఆ ఒక్క యూనిట్ ఖరీదు రెండు వందల ఏడు రూపాయలన్నమాట!

సోలార్ కోసేది పైనుంచి. ముందు తొమ్మిదిన్నర, తొమ్మిది రూపాయల యూనిట్లు పోతాయి, తర్వాత ఏడు డెబ్బైవి, ఆఖరికి ఇల్లే కింది రేట్లలోకి దిగిపోతుంది. మే నెలలో మేము 600 కాలిస్తే ప్లేట్లు 420 ఇస్తాయి, బిల్లు 180కే వస్తుంది. సోలార్ లేనప్పుడు నాలుగు వేలు దాటిన మే బిల్లు ఇప్పుడు ఏడెనిమిది వందల్లో ఉంటోంది. చలికాలంలో కట్టేది దాదాపు ఫిక్స్‌డ్ చార్జీలే. సగటున ఏడాదికి 26,000 నుంచి 27,000 మిగులుతోంది.

అదే మా పక్కింటాయనకు తెల్ల రేషన్ కార్డు ఉంది, నెలకు 150 యూనిట్లు కాలుస్తాడు. 2024 మార్చి నుంచి గృహజ్యోతి కింద ఆయన బిల్లు ఎట్లాగూ సున్నా. నా ప్లేట్లు చూసి ఆయన ముచ్చటపడి నాకూ పెట్టించమంటే నేనే వద్దన్నాను. కార్డు లేకపోయినా 200 లోపు కాల్చేవాళ్ళ యూనిట్ సగటున నాలుగు రూపాయలే పడుతుంది, వాళ్ళకు పెట్టుబడి తిరిగి రావడానికి చాలా ఏళ్ళు పడుతుంది. ఇది అమ్మేవాళ్ళు చెప్పరు.

నా పెట్టుబడి తిరిగొచ్చింది మొన్న జూలైలో, అంటే ఆరేళ్ళ నాలుగు నెలలకు. అమ్మినాయన నాలుగేళ్ళన్నాడు. మధ్యలో 20,000 రిపేర్లకు పోయింది, అది ఆయన లెక్కలో లేదు. ఇంతవరకు నేను పెట్టిన 1,66,000ని వచ్చిన యూనిట్లతో భాగిస్తే యూనిట్‌కు 6 రూపాయల 20 పైసలు. అంటే నిన్నమొన్నటిదాకా నా సోలార్ కరెంటు చవకేమీ కాదు, బయట కొన్న ధరకే కొన్నాను. లాభమంతా ఇక ముందు వచ్చే యూనిట్లలో ఉంది. 25 ఏళ్ళు నడిచి 95,000 యూనిట్లు ఇస్తే, ఇంకో ఇన్వర్టర్ కొని చిల్లర ఖర్చులు కలిపినా యూనిట్ రెండూపావల దగ్గర తేలుతుంది. మధ్యలో ఇల్లు అమ్మినా, స్లాబు మీద ఇంకో అంతస్తు వేసినా ఈ లెక్క చెడుతుంది. బాపు ఇందులో ఇంకో మడత పెట్టాడు: "నూటికి రూపాయి వడ్డీకి ఇచ్చినా లక్షా నలభై ఆరు వేలకు ఏడాదికి పదిహేడు వేల ఐదొందలు వచ్చేటియి." నిజమే. కానీ ఇచ్చిన అసలు మళ్ళీ చేతికొస్తుందన్న నమ్మకం మా ఊళ్ళో ఎంతో ఆయనకూ తెలుసు.

ఎండలు మండితే కరెంటు దంచి కొడుతుందని అందరూ అనుకుంటారు. నేనూ అనుకున్నాను. రామగుండం మే నెల ఎండ పేపర్లలో మొదటి పేజీకెక్కేది కదా! తీరా చూస్తే మాకు ఎక్కువ వచ్చే నెల మార్చి, 445. మేలో పగలు పొద్దు ఎక్కువున్నా 420 దాటదు. ప్లేటు 25 డిగ్రీలు దాటాక ప్రతి డిగ్రీకి 0.4 శాతం చొప్పున తగ్గుతుంది, మధ్యాహ్నం 45 డిగ్రీల ఎండలో ప్లేటు వేడి 70 దాకా పోతుంది. అంటే ఆరో వంతు పైగా అక్కడే ఆవిరి. వెలుతురు కావాలి, వేడి వద్దు. ప్లేటు కింద గాలి ఆడేట్టు ఎత్తు పెట్టించడం ఇందుకూ కలిసొచ్చింది. జూలై, ఆగస్టుల్లో ముసురు పడితే రోజుకు మూడు యూనిట్లు వచ్చిన రోజులూ ఉన్నాయి. 2019 డిసెంబర్ 26 సూర్యగ్రహణం నాడు అమ్మ స్నానం అయ్యేదాకా పొయ్యి ముట్టించలేదు, ఇన్వర్టర్ యాప్‌లో గీత కూడా ఎనిమిదింటి నుంచి పదకొండు దాకా ఆమెతోపాటే ఉపవాసం ఉంది.

దుమ్ము మాత్రం మా ఊరి ప్రత్యేకత. బ్లాస్టింగ్ అయ్యాక సన్నటి నల్ల పొడి స్లాబంతా పరుచుకుంటుంది. 2021 ఏప్రిల్‌లో పరీక్షగా మూడు వారాలు కడగకుండా వదిలేశాను. రోజుకు 14.2 ఉన్నది 12.1కి పడింది. కడిగిన మర్నాడు మళ్ళీ 14. అప్పటినుంచి పది రోజులకోసారి కడగడం తప్పదు. తెల్లవారుజామున, ప్లేట్లు చల్లగా ఉన్నప్పుడే కడగాలి. కాలుతున్న అద్దం మీద చన్నీళ్ళు పోస్తే పగిలే ప్రమాదం ఉంది. మొదట్లో బోరు నీళ్ళు వాడి తప్పు చేశాను, ఉప్పు మరకలు పొరలుగా కట్టాయి. వాటిని వదిలించడానికి ఒక ఆదివారమంతా పోయింది. ఇప్పుడు నల్లా నీళ్ళే. ఈ పని బాపు తన డ్యూటీ చేసుకున్నాడు. బొగ్గు దుమ్ము కడగడం ఆయనకు కొత్తా!

అందరికన్నా ముందు చెప్పాల్సింది ఇంకోటి ఉంది. పెట్టిన మొదటి మే నెల, పట్టపగలు, 44 డిగ్రీలు. కరెంటు పోయింది. పైన ప్లేట్లు ఎండలో ధగధగలాడుతున్నాయి, కింద ఫ్యాను ఆగింది. బాపు మంచం మీద లేచి కూర్చుని తువ్వాలతో విసురుకుంటూ నా దిక్కు చూసిన చూపు ఇప్పటికీ గుర్తే. బ్యాటరీ లేని నెట్ మీటర్ సోలార్ ఇట్లాగే ఉంటుంది. లైన్లో కరెంటు లేకపోతే ఇన్వర్టర్ తనంతట తాను ఆగిపోవాలి. లేకపోతే మన ప్లేట్ల కరెంటు స్తంభం మీదికి వెళ్ళి, రిపేరు చేస్తున్న లైన్‌మన్ ప్రాణం తీస్తుంది. కారణం తెలిశాక కోపం పోయింది కానీ, కొనేముందు ఈ ముక్క నాకు ఎవరూ చెప్పలేదు. పాత బ్యాటరీ ఇన్వర్టర్ అమ్మేద్దామనుకున్నవాణ్ణి ఆగిపోయాను.

2023 జూన్‌లో తొలకరి పిడుగులకు సోలార్ ఇన్వర్టర్ బోర్డు కాలింది. వారంటీ ఐదేళ్ళు, అప్పటికి నాలుగేళ్ళ మూడు నెలలే. కంపెనీవాళ్ళు 'పిడుగు వారంటీలో లేదు' అన్నారు. బిగించిన ఏజెన్సీ ఫోన్ ఎత్తడం మానేసి అప్పటికే రెండేళ్ళు. 23 రోజులు ప్లేట్లు ఊరికే ఎండకు ఎండాయి. బోర్డుకు 11,500 అయింది. రిపేరుకొచ్చిన కుర్రాడు ఎర్తింగ్ గుంత తవ్వి చూపించాడు, నాసిరకం పని. రాడ్ మూడడుగులు కూడా దిగలేదు. ఎర్తింగ్, పిడుగుపాటుకు ఎగిసే కరెంటును అడ్డుకునే సర్జ్ డబ్బా కొత్తగా వేయించడానికి 4,500. కోతులు పీకిన వైర్లకు, కనెక్టర్లకు 1,800, కడిగే పైపులైనుకు 2,200. ఇదీ పైన చెప్పిన 20,000. కొత్తగా పెట్టించుకునేవాళ్ళు ప్లేటు బ్రాండు గురించి పది వీడియోలు చూస్తారు, ఎర్తింగ్ గుంత తవ్వేటప్పుడు మాత్రం దగ్గరుండరు. నేనూ లేను, ఆ రోజు స్కూల్లో ఉన్నాను.

మా బామ్మర్ది కరీంనగర్‌లో 2024 నవంబర్‌లో పెట్టించాడు. 540 వాట్ల మోనో (తక్కువ జాగాలో ఎక్కువ వాట్లిచ్చే రకం) ప్లేట్లు ఆరు, నా పదింటితో సమానం. జాగా ఐదో వంతు తగ్గింది. మొత్తం 1,98,000, పీఎం సూర్యఘర్ కింద 78,000 నెల తిరక్కముందే ఖాతాలో పడింది. చేతి ఖర్చు 1,20,000. ప్రపంచంలో ప్లేట్ల ధర పడిపోతుంటే ఇతని మొత్తం నాకన్నా ఎక్కువెట్లా అయిందని అనుమానం రావాలి, నాకూ వచ్చింది. సబ్సిడీ కావాలంటే ప్లేటే కాదు, అందులో ఎండను కరెంటుగా మార్చే సెల్ కూడా మన దేశంలో తయారై ఉండాలి. అతనికి వచ్చిన కొటేషన్లలో ఆ రకం వాటు 25 రూపాయలు, మామూలు రకం 16. నేను 2019లో 27 పెట్టాను. స్టాండు ఇనుము, వైరు, కూలీ ఈ ఐదేళ్ళలో పెరిగాయి. కాబట్టి వేలంలో రెండు రూపాయలకు పడిన ధర మన స్లాబు దాకా పూర్తిగా దిగలేదు. సబ్సిడీ తీసేసి చూస్తే ఇళ్ళ మీద సోలార్ ఈ ఐదేళ్ళలో చవకైందని నేను ఒప్పుకోను. 2025 సెప్టెంబర్ 22 నుంచి జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది, ఇప్పుడు పెట్టేవాళ్ళకు ఆ మేరకు కలిసొస్తుంది.

ఇక రాత్రి షిఫ్టు. నెట్ మీటరింగ్‌లో నేను మధ్యాహ్నం లైన్లోకి పంపిన యూనిట్, రాత్రి తీసుకున్న యూనిట్‌తో తూకానికి తూకం చెల్లు. బాపు దీన్ని పట్టుకున్నాడు: "పగలు అందరి దగ్గర ఉన్నప్పుడు ఇచ్చి, రాత్రి ఎవ్వని దగ్గర లేనప్పుడు అంతే తీసుకుంటవా? మంచి బేరమే." ఆయన మాటే నిజం. రాత్రి నా ఏసీకి కరెంటు ఇచ్చేది ఎదురుగా కనబడే పొగగొట్టమే. ఆ తేడా ఎవరో ఒకరు మోస్తున్నారు. ఈ సౌకర్యం ఎల్లకాలం ఇట్లాగే ఉంటుందని నేను అనుకోవడం లేదు. 2023లో కేంద్రం తెచ్చిన నిబంధనల్లోనే, స్మార్ట్ మీటర్లు వచ్చాక సోలార్ ఉండే పగటి గంటల్లో ధర కనీసం 20 శాతం తగ్గించాలని ఉంది. పగటి యూనిట్, రాత్రి యూనిట్ ఒకటి కాదని ఒప్పుకోవడానికి అదే మొదలు.

బ్యాటరీ ధర అడిగాను. ఐదు యూనిట్లు పట్టే లిథియం బ్యాటరీ 1,10,000 అన్నారు. 6,000 సార్లు నింపి ఖాళీ చేయొచ్చంటున్నారు, అంటే సుమారు 27,000 యూనిట్లు. దాచిపెట్టడానికే యూనిట్‌కు నాలుగు రూపాయలు. నెట్ మీటర్ ఉన్నంతకాలం నాకు దండగ. పెద్ద ప్లాంట్లలో మాత్రం లెక్క మారుతోంది. 2024 డిసెంబర్‌లో నాలుగు గంటల బ్యాటరీతో కలిపి పిలిచిన సోలార్ వేలంలో 3 రూపాయల 52 పైసలకు పడింది. పీర్‌పైంతి ఆరు రూపాయల పక్కన పెట్టి చూస్తే, సాయంత్రం ఆరు నుంచి పది దాకా, అంటే సెకండ్ షిఫ్టులో సగం, బొగ్గు చేతిలోంచి జారుతున్నట్టే. పది తర్వాతది ఇంకా దానిదే.

మా రామగుండం ఎన్టీపీసీ రిజర్వాయర్ మీద 2022 నుంచి 100 మెగావాట్ల సోలార్ ప్లేట్లు తేలుతున్నాయి. 500 ఎకరాల నీళ్ళ మీద! బాపుని తీసుకెళ్ళి దూరం నుంచి చూపించాను. చాలాసేపు చూశాడు. ఇంటికొచ్చి నా 26,800 యూనిట్లకు ఎంత బొగ్గు కాలాలని అడిగాడు. యూనిట్‌కు ఇంచుమించు 700 గ్రాములు వేసి పందొమ్మిది టన్నులన్నాను. బాయిలో బొగ్గు మోసే టబ్బుకు ఒక టన్ను చొప్పున ఆయన వేళ్ళ మీద లెక్క పెట్టుకుని, "ఆరేండ్లకు పందొమ్మిది టబ్బులా? మా బాయిల ఒక్క షిఫ్టు పని గూడ కాదు" అన్నాడు. గెలిచినట్టు అన్నాడో, ఓడినట్టు అన్నాడో తెలియలేదు.

నెలకు 300 దాటి కాల్చే ఇల్లు, సొంత స్లాబు, నీడ లేని దక్షిణం దిక్కు, పదేళ్ళు అక్కడే ఉంటామన్న ధీమా ఉంటే కళ్ళు మూసుకుని పెట్టించుకోవచ్చు. ఎర్తింగ్ దగ్గర మాత్రం కళ్ళు తెరిచి ఉంచండి. మళ్ళీ పెట్టాల్సొస్తే నేను మోనో తీసుకుంటాను, స్టాండు ఎత్తు తగ్గించను.

ప్రస్తుతానికి నా తలనొప్పి ఏడో ప్లేటు. దాని మూలన నత్త పాకినట్టు సన్నటి గోధుమ రంగు గీతలు లేచాయి. కోతులు దూకితే లోపల సెల్ చిట్లుతుందని, అక్కడ ఇట్లా గీతలు వస్తాయని రిపేరు కుర్రాడు అంటాడు. ప్లేటుకు పదేళ్ళ వారంటీ ఉంది, ఇంకా మూడున్నరేళ్ళు మిగిలింది. ఫోటోలు తీసి కంపెనీకి పంపి తొమ్మిది రోజులైంది. జవాబు రాలేదు.